మాట్లాడగలిగినంత వేగం

ఏప్రిల్ 12

నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో వాడని ఆర్డర్ పుస్తకం ఒకటి కనబడితే తెచ్చుకున్నాను. ప్రతి పేజీలో కుడి కన్ను, ఎడమ కన్ను అని గళ్ళున్నాయి. వాటిని పట్టించుకోకుండా అడ్డంగా రాసుకుంటూ పోతున్నాను.

పిచ్చుక పోయి ఇవాళ్టికి ముప్పై నాలుగు రోజులు. ఆస్పత్రిలో ఫారం నింపుతూ మీకేమవుతాడని అడిగితే బావమరిది అన్నాను. పేరు అడిగితే మాత్రం ఒక నిమిషం నోట రాలేదు. సన్నటి కాళ్ళు చూసి వాళ్ళక్క చిన్నప్పుడే పిచ్చుక అని పిలిచింది. మా పెళ్ళయ్యాక నాకూ పిచ్చుకే అయ్యాడు. స్కూల్లో పిల్లలకు డ్రాయింగు మాస్టారు. మేడ మీది గదిలో మాతోనే ఉండేవాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు. గుండె అలా ఉందని ఎవరికీ తెలియదు. పరిగెత్తుతూ పడిపోయాడు. పక్కన నేనున్నాను. ఆ రోజు మామూలు వేగమే.

ఏప్రిల్ 13

మామూలు వేగమే.

ఏప్రిల్ 19

ఇవాళ మూడో అద్దం పాడుచేశాను. ఫ్రేముకు సరిపోయేలా అద్దం అంచు సానరాయి మీద అరగదీయడం నా పని. పదహారేళ్ళుగా అదే చేస్తున్నాను. నెలకొక అద్దం పోతేనే సిగ్గుపడే వాణ్ణి, ఈ ఒక్కరోజే మూడు పోయాయి. ఓనరు వెనక నుంచి చూస్తూ నిలబడ్డాడు.

"రాయికేసి అలా నొక్కుతున్నావేంటి? అంచు పెచ్చులేస్తుందని నువ్వే కదా అందరికీ చెప్తావు."

ఆయన నా చేతిలోంచి అద్దం తీసుకుని పక్కన పెట్టాడు. "ఇంటికెళ్ళు ఇవాళ్టికి," అన్నాడు.

ఇంటికి వెళ్ళినా అంతే. మా ఆవిడ బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. రోజంతా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పి వస్తుంది. ఇంటి గడపలోకి వచ్చేసరికి గొంతు మిగలదు. ఇవాళ నాతో నాలుగు మాటలు మాట్లాడింది. గ్యాస్ అయిపోయింది, ఫోన్ చేశాను.

ఏప్రిల్ 27

నా గుండె కూడా చూపించుకోవాల్సిందే అని మా ఆవిడ పట్టుబడితే వెళ్ళాను. పిచ్చుకను చూసిన డాక్టరే. తీగలు అంటించి కాగితం తీశాడు, ట్రెడ్‌మిల్లు ఎక్కించాడు. నాది బాగానే ఉందట.

పిచ్చుక సంగతి అడిగాను. గుండె కండరం పుట్టుకతోనే మందంగా ఉందట. "నిద్రలోనైనా జరిగి ఉండొచ్చు. మెట్లెక్కుతున్నప్పుడైనా జరిగి ఉండొచ్చు," అన్నాడు.

నిద్రలోనైనా అన్నాడు. ఇంటికి రాగానే మా ఆవిడకు ఆ మాట చెప్పాను. తల ఊపింది. కాసేపాగి మళ్ళీ చెప్పాను.

నన్ను పరిగెత్తవచ్చన్నాడు డాక్టరు. "కానీ కొన్నాళ్ళు నెమ్మదిగా. పక్కన మనిషితో మాట్లాడగలిగినంత వేగం చాలు. ఆగకుండా నాలుగు వాక్యాలు చెప్పలేకపోతున్నారంటే ఎక్కువైనట్టు. గుండెకు మంచిది, మోకాళ్ళకు మంచిది, నిద్ర పడుతుంది." మర్యాదకు విన్నాను. నా బూట్లు అటక మీదున్నాయి. వాటిని దించే ఉద్దేశం లేదు.

మే 3

మా ఆవిడ టీ గ్లాసు కడుగుతూ, నా వైపు తిరగకుండానే, "రేపు పొద్దున్న నన్ను తీసుకెళ్ళండి," అంది.

"ఎక్కడికి?"

"మీరిద్దరూ వెళ్ళే చోటికి."

"నీకు పరుగు అలవాటు లేదు కదా."

"నేర్పండి. వాడికి నేర్పారుగా."

బూట్లు దించాను.

మే 4

ఊరి నీళ్ళన్నీ వడకట్టే వాటర్ వర్క్స్ ఒకటుంది. దాని గోడ చుట్టూ రోడ్డు. ఒక చుట్టు తిరిగితే కిలోమీటరున్నర. గేటు పంపుహౌసు వైపు ఉంటుంది. పిచ్చుకా నేనూ ఎప్పుడూ గేటు దగ్గర మొదలుపెట్టేవాళ్ళం. ఇవాళ వెనక వైపు నుంచి మొదలుపెట్టాను. గేటు ఇంకా కనిపించకముందే, ఆ పక్క రోడ్డు తవ్వి ఉందని చెప్పి వెనక్కి తిప్పాను.

రెండు వందల అడుగులు వేసి ఆగిపోయింది. నడిచింది. మళ్ళీ పరిగెత్తింది. అసలు దాన్ని పరుగని అనలేము. గొడుగు ఊపుకుంటూ నడుస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. పదికిలోమీటర్లు యాభై నిమిషాల లోపు కొట్టాలని ఆరేళ్ళుగా ఒళ్ళు హూనం చేసుకున్నవాణ్ణి. తల దించుకుని పక్కనే కుంటుతున్నట్టు నడిచాను.

ఆమెకు తోడుగా వెళ్ళాను. అంతకంటే ఏమీ లేదు.

మే 9

నాలుగు వందల అడుగులు, ఆగకుండా.

మే 17

ఒక చుట్టులో మూడొంతులు, అదీ గేటు దాకా వెళ్ళకుండా, వెనక్కీ ముందుకూ. గంట సేపు పరిగెత్తాం. ఎంత నెమ్మదిగా అంటే నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి తీసుకోవచ్చు.

ఆరేళ్ళలో ఈ గోడ చుట్టూ కొన్ని వేల చుట్లు తిరిగి ఉంటాను. గోడ లోపల నీళ్ళు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి దూకుతుంటాయని ఇవాళే తెలిసింది. ఆ చప్పుడు ఇన్నాళ్ళూ నా ఊపిరి చప్పుడులో వినబడలేదు. గోడ మలుపులో తడి ఇటుకల వాసన వస్తుంది, ఇంకో పది అడుగులు వేస్తే పోతుంది. ఒక ఇంటి రెండో అంతస్తులో ఒకావిడ రోజూ ఇదే వేళకు దుప్పటి దులుపుతుంది. మొన్నటి నుంచి మాకు చెయ్యి ఊపుతోంది.

రెండేళ్ళుగా కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది. వారం నుంచి లేదు. ఇంటికొచ్చాక ఆకలేస్తోంది. నిన్న తొమ్మిదికి పడుకుని తెల్లారి లేచాను.

ప్రాణానికి హాయిగా ఉంది.

పై వాక్యం కొట్టేశాను. మళ్ళీ రాశాను. వాడు పోయి రెండు నెలలు దాటిందో లేదో, నాకు హాయిగా ఉంది.

మే 25

మా ఆవిడ మాట్లాడింది.

రెండో కిలోమీటరులో ఉన్నట్టుండి మొదలుపెట్టింది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాటలు ఇక్కడ వచ్చాయి. ఇద్దరమూ ముందుకే చూస్తుంటాం, మొహాలు చూసుకోనక్కర్లేదు. అందువల్లనేమో. ఊపిరికి ఊపిరికి మధ్య ఒక్కో వాక్యం. వాడు ఐదో తరగతిలో లెక్కల పరీక్ష పేపరు వెనక వాళ్ళ మాస్టారి బొమ్మ గీశాడట. బొమ్మ ఎంత బాగుందంటే మాస్టారు మార్కులు వేయలేదు గానీ పేపరు ఇంటికి పట్టుకుపోయాడట. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయింది.

నవ్వుతూనే అడిగింది. "ఆ రోజు మీతో ఏం మాట్లాడాడు?"

"ఏముంది. మామూలుగానే."

"ఏదో ఒకటి అని ఉంటాడుగా. వాడు నోరు మూసుకుని ఉండేవాడు కాదు."

"వేగంగా వెళ్ళేటప్పుడు మాట్లాడం."

"వేగంగా వెళ్ళారా?"

"మామూలుగానే," అన్నాను.

మే 26

ఆ రోజు లెక్క నా వాచీలో ఇంకా ఉంది. మామూలు కంటే కిలోమీటరుకు ఇరవై సెకన్లు ముందున్నాం. తర్వాతి ఆదివారం పోటీ ఉంది, అందుకని. ఇరవై సెకన్లంటే ఏమంత. బూటు విప్పడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

డాక్టరు నిద్రలోనైనా అన్నాడు.

జూన్ 7

ఇవాళ వెనక్కి తిరిగే చోట మా ఆవిడ తిరగలేదు.

"ఆ పక్క రోడ్డు తవ్వి..." అన్నాను.

"నెల నుంచి తవ్వుతూనే ఉన్నారా?" అంది. ఆగలేదు. అదే నెమ్మది పరుగుతో మలుపు తిరిగింది. రోడ్డు శుభ్రంగా ఉంది. ఎప్పుడూ తవ్వినట్టే లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆ రోజు నాతో పాటు పిచ్చుకను ఎత్తి ఆటోలో పడుకోబెట్టింది ఈయనే. మా ఆవిడ ఆగింది.

"మా తమ్ముడు ఎక్కడ పడిపోయాడు?" అని అడిగింది.

చెయ్యి చూపించాడు. గేటుకు ఇవతల, సిమెంటు దిమ్మ పక్కన. ఆమె వెళ్ళి ఆ చోట వంగి అరచెయ్యి ఆనించింది. మామూలు తారు రోడ్డే.

"మీరు చూశారా?"

"చూశానమ్మా."

నేను వాచ్‌మన్ మొహంలోకి చూడలేకపోయాను. అతను కొంచెంసేపు టోపీ సర్దుకున్నాడు. "ఇద్దరూ ఎప్పుడూ నవ్వుకుంటూ పరిగెత్తేవారమ్మా. ఆ రోజూ అంతే," అన్నాడు.

జూన్ 8

షాపుకు వెళ్తూ గేటు దగ్గర ఆగాను. నిన్నటి మాటకు ఏదో చెప్పాలని.

"నాకేం చెప్పక్కర్లేదు సార్," అన్నాడు వాచ్‌మన్. "ఆయన నడుం మీద చెయ్యేసుకుని ఆగిపోవడం, మీరు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టి రమ్మనడం, అన్నీ చూశాను. నేను చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు కదా."

"చెప్పకుండా ఉన్నందుకు..."

"మీ కోసం కాదు సార్. ఆవిడ మొహం చూసి నోరు రాలేదు. ఇంకోసారి అడిగితే ఏం చెప్తానో నాకే తెలియదు."

జూన్ 9

డాక్టరు ఆ రోజు అన్నది సగమే రాశాను. మిగతాది ఇది. "పరిగెత్తినా పరిగెత్తకపోయినా జరిగేదేనంటారా?" అని నేను అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అలా అనను," అన్నాడు. "అలాంటి గుండెకు శ్రమ పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఆయాసం రాగానే ఆగి ఉంటే బతికేవాడా అంటే, చెప్పలేను. బతికి ఉండేవాడేమో. ఎవరూ చెప్పలేరు."

ఇక మార్చి తొమ్మిది.

నాలుగో చుట్టు సగంలో, "బావా, కాస్త నెమ్మదిగా వెళ్దాం," అన్నాడు. నేను వాచీ చూసుకుంటున్నాను. నలభై తొమ్మిది నిమిషాలకు సరిపోయేలా ఉంది. వాడి కోసం కాదు, అది నా అంకె. చుట్టు చివర్లో మళ్ళీ అడిగాడు. ఈసారి నడుం మీద చెయ్యేసుకుని ఆగాడు. నేను వెనక్కి తిరిగి, వెనక్కే పరిగెత్తుతూ, చప్పట్లు కొట్టాను. "ఇదొక్క చుట్టే రా, రా," అన్నాను. వాడు నవ్వాడు. వచ్చాడు. గేటు దాకా వచ్చాడు.

రాశాను. చేతిరాత బాగానే ఉంది.

జూన్ 11

ఇవాళ చెప్పలేదు. మేఘాలు పట్టి ఉన్నాయి, సగంలోనే వచ్చేశాం.

జూన్ 14

ఇవాళ చెప్పలేదు. ఆమె చాలా సంతోషంగా ఉంది. ఆగకుండా రెండు చుట్లు పూర్తి చేసింది. పొద్దున్నే పరుగు వల్ల గొంతు కూడా బాగుందని, నిన్న ఎవరో ప్రయాణికుడు కౌంటరుకు వచ్చి మీ మాట స్పష్టంగా వినబడుతోంది అన్నాడని చెప్పింది. ఇలాంటి రోజు పాడుచేయడం దేనికి.

జూన్ 15

ఇవాళ చెప్పలేదు.

జూన్ 18

ఇవాళ చెప్పలేదు. ఊపిరి అందక కాదు. మూడు చుట్లు తిరిగినా నా ఊపిరి కదల్లేదు. వేగంగా వెళ్ళే రోజుల్లో ఎంత సుఖమో ఇప్పుడు తెలుస్తోంది. మాట్లాడకపోవడానికి ఆయాసం అడ్డం పెట్టుకోవచ్చు.

జూన్ 21

చెప్పాను.

మూడో చుట్టు, వెనక గోడ పక్కన. ముందుగా అనుకున్నదేమీ గుర్తు రాలేదు. "ఆ రోజు మామూలు వేగం కాదు," అన్నాను.

ఆమె అడుగు తప్పలేదు. "చెప్పండి," అంది.

"వాడు నెమ్మదిగా వెళ్దామన్నాడు."

"ఏమన్నాడు? వాడన్న మాట చెప్పండి."

"బావా, కాస్త నెమ్మదిగా వెళ్దాం, అన్నాడు."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మీరేమన్నారు?"

చెప్పాను. చప్పట్ల సంగతీ చెప్పాను. వాడు నవ్వాడని చెప్పాను. రోడ్డు తవ్వలేదని కూడా చెప్పాను, అది ఆమెకు తెలిసినదే అయినా. మొత్తం చెప్పడానికి నూట యాభై అడుగులు పట్టిందేమో.

ఆమె వేగం పెంచింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం, తర్వాత చేతులు ఎలా పడితే అలా ఊపుతూ. ఆమె అలా పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. అలా పరిగెత్తే ఒళ్ళు కాదది, ఏడు వారాల అలవాటు. ఒకే తల్లి బిడ్డలు. ఆమెను ఏ డాక్టరుకూ చూపించలేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. నా గుండె చూపించుకున్నాం, ఆమెది చూపించలేదు.

"ఆగు. నెమ్మదిగా," అని అరిచాను. తిరగలేదు. నేను పక్కకు వచ్చి చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. "నెమ్మదిగా," అన్నాను మళ్ళీ. మలుపు దాటి గేటు దాకా వెళ్ళి, ఊచలు పట్టుకుని ఆగింది. ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. మాట్లాడబోయి మాట్లాడలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించింది. వాచ్‌మన్ కుర్చీ తీసుకొచ్చి పక్కన పెట్టాడు. కూర్చోలేదు.

చివరికి అంది.

"ఇంత ఆయాసంలో వాడు ఊపిరి మిగుల్చుకుని నిన్ను అడిగాడు."

పదమూడేళ్ళ కాపురంలో మొదటిసారి నన్ను నువ్వు అంది.

జూన్ 22

ఆమె మేడ మీద పిచ్చుక గదిలో పడుకుంది. పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు, "డాక్టరు దగ్గర చూపించుకుంటాను. నేనే వెళ్తాను," అంది.

జూన్ 26

ఆమె గుండె మామూలుగానే ఉందట. రిపోర్టు బల్ల మీద పెట్టి వెళ్ళింది. మూడుసార్లు చదివాను. బాత్రూములో కుళాయి తిప్పి, కాసేపు ఏడ్చాను.

జులై 5

"అమ్మకు ఎవరు చెప్తారు?" అని అడిగింది.

"నేనే చెప్తాను."

"నేను పక్కన ఉండను."

జులై 6

అత్తగారు పక్క వీధిలో ఒక్కరే ఉంటారు. బట్టలకు కాజాలు కుడుతుంటారు. వెళ్ళేసరికి ఒడిలో చొక్కాల కుప్ప ఉంది. స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె సూది ఆపలేదు. రెండు కాజాలు పూర్తయ్యాయి.

"నాకు అద్దాలు మార్చాలి బాబూ," అన్నారు. "దారం ఎక్కట్లేదు."

"రేపే తెస్తాను అత్తయ్యా."

అప్పుడు సూది కింద పెట్టారు. "మీ మెప్పంటే వాడికి ప్రాణం," అన్నారు. అన్న తర్వాత ఆ మాట తానే విన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

వచ్చేటప్పుడు, "మీరు రావడం మానెయ్యకండి. మానేస్తే నాకు ఇద్దరు పోయినట్టు," అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జులై 8

అత్తగారి అద్దాలు నేనే అరగదీశాను. రెండు గంటలు పట్టింది. ఓనరు చూసి వెళ్ళిపోయాడు.

జులై 13

ఒక్కణ్ణే పరిగెత్తుతున్నాను. వాచీ సొరుగులో పెట్టేశాను. ఆమె సాయంత్రం డ్యూటీ దిగాక వెళ్తోంది. దుప్పటి దులిపే ఆవిడ పైనుంచి, "మీ ఆవిడ రావట్లేదేం?" అని అడిగింది. సాయంత్రాలు వస్తోందని చెప్పాను. మాట చెప్పడానికి ఆగనక్కర్లేకపోయింది.

ఎవరూ లేని మలుపులో పిచ్చుకతో మాట్లాడుతున్నాను. పైకే, గొంతెత్తి. షాపు సంగతులు, వాళ్ళమ్మ అద్దాల సంగతి. వాడు తనకు పరుగు నేర్పమన్న రోజు ఇలాగే నెమ్మదిగా తీసుకెళ్ళి ఉంటే వాడు ఈ గోడ మీద బొమ్మలు చూసి ఉండేవాడు. గోడ మీద నాచు రకరకాల ఆకారాల్లో పట్టింది. వాడికి బొమ్మలే కనిపించేవి.

జులై 20

వాన. గంటన్నర పరిగెత్తాను. ఎక్కడికీ చేరాలని లేకుండా పరిగెత్తడం ఇంత తేలిక అని నలభై రెండో ఏట తెలిసింది. తెలిసినందుకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఈసారి కొట్టేయలేదు. దుఃఖం పక్కనే అదీ ఉంది, రెండూ ఒకే అడుగులో వస్తున్నాయి.

జులై 29

మేడ మీంచి కిందికి దిగి వచ్చి తన గదిలో పడుకుంది. తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆగస్టు 4

ఏమీ లేదు. గ్యాస్ వచ్చింది.

ఆగస్టు 10

ఇవాళ పొద్దున్న బూట్లు తొడుక్కుని వీధిలోకి వచ్చేసరికి మా ఆవిడ ముందే నిలబడి ఉంది. సెలవు పెట్టిందో, డ్యూటీ మారిందో, అడగలేదు. ఇద్దరమూ బయల్దేరాం. గేటు దగ్గరే మొదలుపెట్టాం. వాచ్‌మన్ లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

మొదటి చుట్టు మాటల్లేవు. రెండో చుట్టు మాటల్లేవు. ఆమె అడుగు ఇప్పుడు చాలా కుదురుగా పడుతోంది, భుజాలు వదులుగా ఉన్నాయి. నాకంటే బాగా పరిగెత్తుతోంది. ఆమె వేగం ఎంతుంటే నేనూ అంతే ఉన్నాను.

మూడో చుట్టులో అడిగింది.

"నీకు ఆయాసం వస్తోందా?"

"లేదు."

"నాకూ రావట్లేదు." కొన్ని అడుగులు వేశాం. "ఆ రెండు మాటలే చెప్పావు నాకు. అంతకుముందు గంటసేపు వాడు నీతోనే ఉన్నాడు కదా. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి వాడు ఏమన్నాడో అన్నీ కావాలి నాకు. దేన్ని చూసి నవ్వాడో కూడా. నీకు తప్ప ఇంకెవరికీ తెలియదది."

"అన్నీ గుర్తుండకపోవచ్చు."

"గుర్తున్నంత వరకు చెప్పు. తొందరేం లేదు."

మెట్లు దిగుతూ వాడు స్కూల్లో ఒక పాప ఏనుగు బొమ్మకు ఐదు కాళ్ళు గీసిందని చెప్పాడు. ఐదోది ఎందుకమ్మా అంటే, అలిసిపోతే వాడుకోవడానికి సార్, అందట. అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాను.